సెపా: యూరప్ బ్యాంకుల మధ్య ఏకరీతి యూరో చెల్లింపులు

యూరోల్లో జరిగే ఎలక్ట్రానిక్ చెల్లింపులకు యూరప్ అంతటా ఒకే పద్ధతి, ఒకే గడువు, ఒకే రకమైన హక్కులు ఉండాలని చేసుకున్న ఏర్పాటు పేరు సెపా. ఏక యూరో చెల్లింపుల ప్రాంతం అన్నది ఆ పొట్టి పేరు వెనకున్న పూర్తి పేరు. లిస్బన్‌లో ఖాతా ఉన్న మనిషి హెల్సింకీలోని ఇంటి యజమానికి అద్దె పంపినా, పక్క వీధి దుకాణదారుకు బాకీ తీర్చినా బ్యాంకుకు రెండూ ఒకటే. అదే ఫారం, అదే రుసుము, అదే గడువు. 2025లో సెర్బియాను కూడా చేర్చుకోవడంతో సెపా దేశాల సంఖ్య 41కి చేరింది. 50 కోట్లకు పైగా జనం దీని పరిధిలో ఉన్నారు.

సెపాను ఒక పెద్ద కంప్యూటరు నెట్‌వర్కుగా ఊహించుకునేవారు చాలామంది. అసలు సెపా అంటే కొన్ని నిబంధనల పుస్తకాలు, వాటి వెనక నిలబడ్డ కొన్ని చట్టాలు. డబ్బును నిజంగా అటూ ఇటూ కదిలించే క్లియరింగ్ సంస్థలు అనేకం ఉన్నాయి, వాటిలో వాటికి పోటీ కూడా ఉంది. ఏ సంస్థ ద్వారా వెళ్లినా సందేశం ఒకే రూపంలో ఉండాలి, డబ్బు చెప్పిన గడువులోగా అందాలి, తేడా వస్తే ఎవరిది బాధ్యతో ముందే తేలి ఉండాలి. సెపా పట్టించుకునేది ఇంతవరకే. ఈ మాత్రం ఒప్పందానికి రావడానికి యూరప్‌కు పదిహేనేళ్లు పట్టింది.

నోట్లు కలిశాయి, ఖాతాలు కలవలేదు

1999 జనవరి 1న 11 దేశాలు యూరోను ఖాతాల కరెన్సీగా స్వీకరించాయి. 2001లో గ్రీసు చేరింది. 2002 జనవరి 1న ఆ 12 దేశాల్లో నోట్లు, నాణేలు జనం చేతికొచ్చాయి. ఆ రోజు నుంచి జేబులోని 50 యూరోల నోటు వియన్నాలో ఎంతో మాడ్రిడ్‌లోనూ అంతే. ఖాతాలో ఉన్న 50 యూరోలకు మాత్రం ఆ వైభోగం దక్కలేదు. సరిహద్దు దాటాలంటే మధ్యవర్తులైన కరెస్పాండెంట్ బ్యాంకుల చేతులు మారుతూ, ప్రతి చేతి దగ్గరా కొంత తరుగు పోతూ, రోజుల తరబడి ప్రయాణం చేసేవి. 100 యూరోలు పొరుగు దేశానికి పంపడానికి సగటున 17 యూరోల దాకా ఖర్చవుతోందని ఐరోపా కమిషన్ ఆ రోజుల్లో చేయించిన పరిశీలనల్లో తేలింది. పంపినవారి దగ్గర కోసింది చాలక, అందుకున్నవారి దగ్గరా కోసే బ్యాంకులుండేవి.

దీనికి బ్యాంకుల లాభాపేక్ష ఒక కారణమైతే, ప్రతి దేశమూ తన చెల్లింపుల పద్ధతిని దశాబ్దాలుగా తనకు నచ్చినట్టు కట్టుకోవడం రెండో కారణం. జర్మనీలో ఖాతా సంఖ్యకు తోడుగా ఎనిమిది అంకెల బ్యాంకు కోడ్ ఉండేది. స్పెయిన్‌లో ఖాతా సంఖ్యే 20 అంకెలు. ఫ్రాన్స్‌లో ఎవరికైనా ఖాతా వివరాలివ్వాలంటే ‘రిబ్’ అనే చీటీ తీసిచ్చేవారు. నెదర్లాండ్స్‌లో బిల్లుతో పాటే ‘అక్సెప్ట్‌జీరో’ అనే అచ్చువేసిన చెల్లింపు ఫారం ఇంటికొచ్చేది, సంతకం చేసి పంపితే చాలు. ఫిన్లాండ్‌లో ప్రతి బిల్లు మీదా ఒక రిఫరెన్స్ నంబరు ఉండేది, దాన్ని బట్టి ఎవరు కట్టారో కంపెనీ లెక్కల్లో దానంతటదే జమయ్యేది. కంప్యూటర్లు పంపుకునే ఫైళ్ల ఆకృతులు కూడా దేశానికొకటి.

చిక్కంతా ఎక్కడంటే, ఈ పద్ధతులన్నీ వాటి వాటి దేశాల్లో బ్రహ్మాండంగా పనిచేసేవి. చెడిపోయినదాన్ని మారుస్తామంటే ఎవరూ అడ్డుచెప్పరు. హాయిగా నడుస్తున్నదాన్ని పొరుగు దేశంవాళ్ల సౌకర్యం కోసం మార్చుకోమంటే ఎవరికైనా మనసొప్పదు. పైగా మామూలు కుటుంబాల చెల్లింపుల్లో సరిహద్దు దాటేవి బహు స్వల్పం. డచ్ గృహిణికి తన అక్సెప్ట్‌జీరో పోతే కలిగే ఇబ్బంది కళ్లెదుట కనిపిస్తుంది. ఇటలీకి చౌకగా డబ్బు పంపగలగడం వల్ల కలిగే లాభం ఆమెకు ఎప్పుడో గానీ అవసరపడదు. సెపా చరిత్రలోని ఆలస్యాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది, సాంకేతిక సమస్యల పాత్ర అందులో తక్కువ.

చట్టం వేసిన మొదటి దెబ్బ

బ్యాంకులు తమంతట తాము దిగిరావని గ్రహించిన ఐరోపా సమాఖ్య 2001 డిసెంబరులో 2560/2001 నంబరు నిబంధన తెచ్చింది. సారాంశం ఒక్క వాక్యం: యూరోల్లో చేసే సరిహద్దు చెల్లింపుకు దేశంలోపలి చెల్లింపుకంటే ఎక్కువ వసూలు చేయకూడదు. కార్డులకు, ఏటీఎంలకు ఇది 2002 జూలై నుంచి, ఖాతా నుంచి ఖాతాకు పంపే బదిలీలకు 2003 జూలై నుంచి అమలైంది. పరిమితి మొదట 12,500 యూరోలు, 2006 నుంచి 50,000.

ఈ నిబంధన ధరను మార్చిందే తప్ప ఖర్చును మార్చలేదు. పాత కరెస్పాండెంట్ మార్గంలో పంపితే బ్యాంకుకు అయ్యే ఖర్చు అలాగే ఉంది, కస్టమరు దగ్గర తీసుకోగలిగింది మాత్రం కొన్ని సెంట్లు. అంటే ప్రతి సరిహద్దు చెల్లింపూ నష్టమే. చౌకగా పంపే మార్గం వెతుక్కోవడం ఇప్పుడు బ్యాంకులకే అవసరమైపోయింది. ధర మీద నొక్కి, ఆ ఒత్తిడితో మౌలిక వ్యవస్థను కట్టించుకున్న తీరు విధాన నిర్ణయాల్లో అరుదుగా కనిపించే చాకచక్యం. 2002లో 42 బ్యాంకులు, బ్యాంకుల సంఘాలు కలిసి ఒక శ్వేతపత్రం రాసుకుని, ఆ జూన్‌లో బ్రస్సెల్స్ కేంద్రంగా యూరోపియన్ పేమెంట్స్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. నిబంధనల పుస్తకాలు రాసే పని నేటికీ దానిదే.

ఖాతాకు ఒకే రకం చిరునామా

అందరికీ పనికొచ్చే ఖాతా సంఖ్య లేనిదే మిగతాదేదీ సాగదు. దానికోసం కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. 1990ల నుంచే ఉన్న అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్యను, అంటే ఐబాన్‌ను, తీసుకున్నారు. మొదట దేశాన్ని తెలిపే రెండక్షరాలు, తర్వాత రెండు తనిఖీ అంకెలు, ఆ తర్వాత ఆ దేశపు పాత ఖాతా సంఖ్య యథాతథంగా. పాతదాన్ని పారేయమనకుండా దాని నెత్తిన నాలుగు అక్షరాలు పెట్టడం వల్లే దేశాలు దీన్ని ఒప్పుకున్నాయి. పర్యవసానంగా పొడవులు దేశానికొకటిగా మిగిలిపోయాయి. నార్వేలో 15, బెల్జియంలో 16, నెదర్లాండ్స్‌లో 18, జర్మనీలో 22, ఫ్రాన్స్, ఇటలీల్లో 27, చిన్నదైన మాల్టాలో 31.

తనిఖీ అంకెల పనితనం చూడదగ్గది. పాఠ్యపుస్తకాల్లో నమూనాగా చూపే జర్మన్ ఐబాన్ ఒకటుంది: డీఈ89 3704 0044 0532 0130 00. మొదటి నాలుగింటిని తీసి చివరకు చేర్చాలి. అక్షరాలకు బదులు సంఖ్యలు వేయాలి, ఏ కి 10, బి కి 11, ఆ లెక్కన డీ కి 13, ఈ కి 14. అప్పుడు వచ్చేది 370400440532013000131489. దీన్ని 97తో భాగిస్తే శేషం సరిగ్గా 1 రావాలి. వస్తుంది కూడా. ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా శేషం మారిపోతుంది, ఫారం అక్కడికక్కడే తిప్పికొడుతుంది. గుడ్డిగా ఏదో ఒక సంఖ్య వేస్తే అది పరీక్ష దాటే అవకాశం సుమారు 97లో ఒకటి.

అయితే ఈ లెక్క తేల్చేది సంఖ్య సరిగా ఉందా లేదా అన్నంతవరకే, ఖాతా ఎవరిదో దానికి పట్టదు. యూరప్ చట్టం ప్రకారం 2025 అక్టోబరు దాకా బ్యాంకు ఐబాన్‌ను చూసి డబ్బు వేస్తే సరిపోయేది, పేరు కలిసిందో లేదో చూడనక్కర ఉండేది కాదు. ఇటలీ నుంచి వచ్చిన టెక్నోసర్వీస్ కేసులో తప్పు ఐబాన్ వల్ల ఒక కంపెనీకి రావలసిన సొమ్ము వేరే ఖాతాలో పడింది. అందుకున్న బ్యాంకుకు కూడా ఇదే రక్షణ వర్తిస్తుందని ఐరోపా న్యాయస్థానం 2019 మార్చిలో తేల్చింది. ఫోనులో, ఈమెయిల్‌లో నకిలీ ఇన్వాయిస్ పంపి ఐబాన్ మార్చేసే మోసగాళ్లకు ఈ సందు ఏళ్ల తరబడి కలిసొచ్చింది. నెదర్లాండ్స్ బ్యాంకులు మాత్రం 2017 నుంచే సొంతంగా పేరు సరిచూసే సేవ మొదలుపెట్టాయి. యూరో దేశాలన్నిటిలో అది తప్పనిసరి అయింది మాత్రం 2025 అక్టోబరులోనే.

మొదట్లో ఐబాన్‌తో పాటు బ్యాంకును గుర్తించే బిక్ కోడ్ కూడా అడిగేవారు. ఐబాన్‌లోనే బ్యాంకు ఎవరో ఉన్నప్పుడు మళ్లీ ఇదెందుకన్న విసుగు జనంలో సహజంగానే వచ్చింది. దేశంలోపలి చెల్లింపులకు 2014 నుంచి, సరిహద్దు చెల్లింపులకు 2016 ఫిబ్రవరి నుంచి బిక్ అడగకూడదని చట్టం చెప్పింది.

రెండు పనిముట్లు

సెపా బదిలీ, అంటే క్రెడిట్ ట్రాన్స్‌ఫర్, 2008 జనవరి 28న మొదలైంది. దీని గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పంపినవాడు చెబితే బ్యాంకు పంపుతుంది. 2012 నుంచి మరుసటి పనిదినం ముగిసేలోగా డబ్బు చేరాలి. దారిలో ఎవరూ అసలు మొత్తంలోంచి కోయకూడదు. ఎవరి బ్యాంకు రుసుము వారిదే. ఏ పద్దు కింద కడుతున్నారో చెప్పడానికి 140 అక్షరాల చోటుంటుంది. అక్షరాలు లాటిన్‌వే కావాలి కాబట్టి గ్రీకులు, బల్గేరియన్లు తమ లిపిని పక్కనపెట్టి రాసుకోవలసిందే.

డైరెక్ట్ డెబిట్ అలా కాదు. ఇందులో డబ్బు తీసుకునేవాడే చొరవ చూపుతాడు. కరెంటు కంపెనీ, ఫోన్ కంపెనీ, బీమా సంస్థ, జిమ్, ఇవన్నీ మీ ఖాతాలోంచి తామే లాక్కుంటాయి. అందుకు మీరిచ్చే సమ్మతి పత్రమే మాండేట్. దాన్ని ఎవరికివ్వాలన్న దగ్గర యూరప్ రెండుగా చీలింది. బెల్జియం లాంటి చోట్ల కట్టేవాడి బ్యాంకు దగ్గరే మాండేట్ ఉండేది. బ్యాంకు చూసుకుని మరీ డబ్బు వదిలేది. జర్మనీలో విస్తారంగా వాడిన పద్ధతిలో కంపెనీ దగ్గరే సమ్మతి ఉండేది, బ్యాంకు దాన్ని కళ్లతో చూడకుండానే డబ్బు ఇచ్చేసేది. అభ్యంతరముంటే తర్వాత వెనక్కి తెప్పించుకోవడమే. 2009 నవంబరు 2న వచ్చిన సెపా డైరెక్ట్ డెబిట్ ఈ రెండో దారినే ఎంచుకుంది.

బ్యాంకు చూడని కాగితం మీద ఖాతా తెరిచిపెట్టడమేమిటని అనుమానం రావడం సహజం. ఆ అనుమానానికి జవాబు డబ్బు తిరిగి పొందే హక్కులో ఉంది. డబ్బు పోయిన ఎనిమిది వారాల్లోగా ఏ కారణమూ చెప్పకుండా వెనక్కి అడగవచ్చు. బ్యాంకు ప్రశ్న వేయకుండా జమ చేయాలి. అసలు మాండేటే ఇవ్వలేదంటే ఆ గడువు 13 నెలలు. ఫలానా కంపెనీకి తప్ప ఎవరికీ ఇవ్వొద్దనో, ఇంత మొత్తం మించొద్దనో, అసలు డైరెక్ట్ డెబిట్లే వద్దనో ఖాతాదారు తన బ్యాంకుకు చెప్పుకోవచ్చు. వసూలు చేసుకునే కంపెనీకి ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉండాలి, ప్రతి మాండేట్‌కూ తనదైన రిఫరెన్స్ ఉండాలి, వసూలు తేదీ ముందుగా తెలియజేయాలి, మామూలుగానైతే 14 రోజుల ముందు. 36 నెలలపాటు వాడకపోతే మాండేట్ చెల్లదు. వ్యాపార సంస్థల మధ్య జరిగే వసూళ్లకు వేరే పుస్తకం ఉంది. అందులో ఎనిమిది వారాల హక్కు లేదు, బదులుగా కట్టేవాడి బ్యాంకు మాండేట్‌ను ముందే సరిచూసుకోవాలి. కట్టేవాడికి ఇంత బలమైన హక్కునిచ్చిన డైరెక్ట్ డెబిట్ పద్ధతులు ప్రపంచంలో ఎక్కువ లేవు. సెపాలో సామాన్యుడికి దక్కిన అసలు లాభం ఇదేనని ఈ వ్యాస రచయిత అభిప్రాయం, చౌక బదిలీలు దీని తర్వాతే.

గడువు పెడితే గానీ కదలలేదు

కొత్త పనిముట్లు వచ్చాయి, పాతవి పోలేదు. 2010 చివరికల్లా సెపా దానంతటదే ఊపందుకుంటుందని బ్యాంకులు అంచనా వేసుకున్నాయి. ఆ ఏడాది ముగిసేసరికి యూరో ప్రాంతపు బదిలీల్లో సెపా వాటా ఏడో వంతుకు అటూ ఇటూగా ఉంది, డైరెక్ట్ డెబిట్లలో లెక్కకు రానంత. ఎవరూ ముందు అడుగు వేయరు, పక్కవాడు వేస్తే చూద్దామంటారు. రెండు వ్యవస్థలూ సమాంతరంగా నడపడం వల్ల బ్యాంకులకు ఖర్చు రెట్టింపు. చివరికి ఐరోపా పార్లమెంటు, మంత్రుల మండలి 260/2012 నిబంధనతో 2014 ఫిబ్రవరి 1 తర్వాత పాత పద్ధతులు చెల్లవని ప్రకటించాయి. పాత మాండేట్లను కొత్తవిగా లెక్కగట్టవచ్చని అదే చట్టం వెసులుబాటిచ్చింది. అది లేకపోతే కోట్లాది ఇళ్లకు మళ్లీ సంతకాల కోసం కాగితాలు పంపవలసి వచ్చేది.

చట్టం ఎక్కడ ఎలా దిగిందో చూడాలంటే జర్మనీలోని ఊరి క్రీడాసంఘం మంచి చోటు. అక్కడ ఫుట్‌బాల్‌కైనా పాటల బృందానికైనా సంఘం ఉంటుంది, సభ్యత్వ రుసుము ఏటా డైరెక్ట్ డెబిట్‌తో వసూలవుతుంది. కోశాధికారి జీతం లేని స్వచ్ఛంద సేవకుడు. 2014 గడువులోగా అతడు జర్మన్ కేంద్ర బ్యాంకు బుందెస్‌బ్యాంక్‌కు దరఖాస్తు పెట్టి వసూలుదారు గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. సభ్యులందరి ఖాతా సంఖ్య, బ్యాంకు కోడ్‌లను ఐబాన్‌గా మార్చాలి. ప్రతి సభ్యుడి మాండేట్‌కూ ఒక రిఫరెన్స్ వేసి వాళ్లకు తెలియజేయాలి. వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ సెపాకు కావలసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు తయారుచేయలేకపోతే కొత్తది కొనాలి. ఇదంతా ఎందుకంటే, అతడి సంఘంలో విదేశీ ఖాతా ఉన్న సభ్యుడు ఒక్కడూ లేకపోయినా సరే, చట్టం గనుక.

2013 నవంబరు నాటికి బదిలీల్లో మూడింట రెండు వంతులు కూడా మారలేదు, డైరెక్ట్ డెబిట్లలో నాలుగో వంతు మాత్రమే మారాయి. గడువు దాటగానే జీతాలు, పింఛన్లు, అద్దెలు ఆగిపోతాయన్న భయం పట్టుకుంది. 2014 జనవరి 9న, అంటే గడువుకు మూడు వారాల ముందు, కమిషన్ మరో ఆరు నెలల వ్యవధి ప్రతిపాదించింది. గడువు మారలేదని, పాత చెల్లింపులను కొంతకాలం ఆపబోమని మాత్రమే అంటున్నామని అధికారులు చెప్పుకున్నారు. అలా 2014 ఆగస్టు 1న యూరో దేశాల్లో సెపా పూర్తయింది. జర్మన్ దుకాణాల్లో కార్డు గీసి సంతకం పెట్టించుకునే స్థానిక డెబిట్ పద్ధతి లాంటి చిల్లర మినహాయింపులు 2016 ఫిబ్రవరి దాకా నడిచాయి. యూరో వాడని సభ్యదేశాలకు యూరో చెల్లింపుల విషయంలో గడువు 2016 అక్టోబరు 31. ఫిన్లాండ్ ఈ హడావుడి ఏదీ లేకుండా అందరికంటే ముందే మారిపోయింది. డైరెక్ట్ డెబిట్‌ను ఏకంగా వదిలేసి నెట్ బ్యాంకులోకే వచ్చే ఈ-బిల్లుల వైపు మళ్లింది. డచ్ అక్సెప్ట్‌జీరో మాత్రం సెపా రూపంలో 2023 జూన్ 1 దాకా బతికింది.

వెనక నడిచే యంత్రాంగం

సందేశాల రూపానికి ఐఎస్ఓ 20022 ప్రమాణం వాడతారు. పెద్ద సంఖ్యలో వచ్చే చిన్న మొత్తాలను ఒకచోట చేర్చి లెక్కతేల్చే క్లియరింగ్ పని ప్రధానంగా ఈబీఏ క్లియరింగ్ నడిపే స్టెప్2 చేస్తుంది. ఫ్రాన్స్ వంటి చోట్ల దేశీయ సంస్థలు కూడా ఉన్నాయి. బ్యాంకుల మధ్య చివరి సెటిల్‌మెంట్ కేంద్ర బ్యాంకుల టార్గెట్ వ్యవస్థలో జరుగుతుంది. 1999లో మొదలైన టార్గెట్ స్థానంలో 2007 నుంచి టార్గెట్2, 2023 మార్చి 20 నుంచి టీ2 వచ్చాయి.

పది సెకన్లు

మరుసటి పనిదినం అన్న గడువు 2008లో గొప్పగా కనిపించింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక శుక్రవారం సాయంత్రం పంపిన డబ్బు సోమవారం అందడం హాస్యాస్పదంగా తోచింది. బ్రిటన్ తన పౌండ్ల చెల్లింపులకు 2008లోనే ఫాస్టర్ పేమెంట్స్ తెచ్చుకుంది. సెపా తక్షణ బదిలీ 2017 నవంబరు 21న వచ్చింది. పది సెకన్లలో డబ్బు చేరాలి, ఆదివారమైనా అర్ధరాత్రైనా. పరిమితి మొదట 15,000 యూరోలు, 2020 జూలై నుంచి లక్ష. సెటిల్‌మెంట్ కోసం ఈబీఏ క్లియరింగ్ ఆర్‌టీ1ను, కేంద్ర బ్యాంకులు 2018 నవంబరులో టిప్స్‌ను తెచ్చాయి. టిప్స్ బ్యాంకుల దగ్గర తీసుకునే రుసుము ఒక చెల్లింపుకు ఒక సెంటులో ఐదో వంతుగా మొదలైంది.

పాత కథే మళ్లీ నడిచింది. పథకంలో చేరడం బ్యాంకుల ఇష్టానికి వదిలారు. చేరినవి కూడా తక్షణ బదిలీని విలాస సేవగా చూసి విడిగా రుసుము వేశాయి. టిప్స్‌లో అయ్యే ఖర్చుకు, కస్టమరు కట్టే ధరకు పొంతనే లేదు. ఏడేళ్లు చూసి, 2024లో 2024/886 నిబంధనతో మళ్లీ చట్టమే దిగింది. యూరో ప్రాంతపు బ్యాంకులు తక్షణ బదిలీలను 2025 జనవరి 9 నుంచి అందుకోవాలి, అక్టోబరు 9 నుంచి పంపాలి. మామూలు బదిలీ కంటే ఒక్క సెంటు కూడా ఎక్కువ తీసుకోరాదు. డబ్బు కదలకముందే పేరు, ఐబాన్ కలుస్తున్నాయో లేదో చూపించాలి. కలిసిందనీ, దగ్గరగా ఉందనీ, కలవలేదనీ మూడు రకాలుగా తెర మీద జవాబొస్తుంది. కలవకపోయినా పంపే స్వేచ్ఛ ఖాతాదారుదే, నష్టమూ అప్పుడు అతడిదే. లక్ష యూరోల పరిమితి కూడా ఆ అక్టోబరుతోనే పోయింది. యూరో వాడని సభ్యదేశాల బ్యాంకులకు 2027 దాకా వ్యవధి ఉంది.

కార్డుల దగ్గర ఎదురుదెబ్బ

బదిలీలు, డైరెక్ట్ డెబిట్లలో సాధించిన ఐక్యత కార్డులకు రాలేదు. 2006లో కార్డుల కోసం కూడా ఒక ఉమ్మడి చట్రం రాసుకున్నారు, అయస్కాంత పట్టీ స్థానంలో చిప్‌కు మారడం వరకు అది పనికొచ్చింది. సరిహద్దు దాటగానే జర్మన్ గీరోకార్డ్, బెల్జియం బ్యాంకాంటాక్ట్ వంటి దేశీయ కార్డులు చెల్లకపోవడంతో వాటి మీద వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తు కూడా అచ్చువేసి నడిపించారు. సొంత కార్డు తేవాలని కొన్ని పెద్ద బ్యాంకులు తలపెట్టిన మోనే ప్రాజెక్టు 2012లో మూతపడింది. 2020లో 16 బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన యూరోపియన్ పేమెంట్స్ ఇనిషియేటివ్ కూడా రెండేళ్లలో కార్డు ఆశ వదులుకుని, తక్షణ బదిలీ మీద నడిచే వేరో అనే వాలెట్‌కు మళ్లింది. వేరో 2024 జూలైలో జర్మనీలో మొదలై బెల్జియం, ఫ్రాన్స్‌లకు పాకింది. ఈలోగా స్పెయిన్‌కు బిజుమ్, పోర్చుగల్‌కు ఎంబీ వే ఉండనే ఉన్నాయి. అందరి కిందా అదే సెపా పట్టాలు, పైన మాత్రం మళ్లీ దేశానికొక యాప్. 2015 నాటి చట్టం కార్డు చెల్లింపుల్లో బ్యాంకుల మధ్య చేతులు మారే ఇంటర్‌చేంజ్ రుసుమును డెబిట్ కార్డులకు 0.2, క్రెడిట్ కార్డులకు 0.3 శాతానికి కట్టడి చేసింది. అంటే సొంత కార్డు కట్టుకోలేక, పరాయి కార్డు ధరకు కళ్లెం వేశారు.

ఎవరు లోపల, ఎవరు బయట

సెపా సరిహద్దులకు యూరో వాడకంతో గానీ, ఐరోపా సమాఖ్య సభ్యత్వంతో గానీ సూటి సంబంధం లేదు. 2026 జనవరి 1న బల్గేరియా చేరాక యూరో వాడే సభ్యదేశాలు 21. సమాఖ్య దేశాలు 27. వీటికి తోడు ఐస్‌లాండ్, నార్వే, లీష్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్, మొనాకో, శాన్ మారినో, 2019లో చేరిన అండోరా, వాటికన్ ఉన్నాయి. సమాఖ్య నుంచి వెళ్లిపోయిన బ్రిటన్ సెపా నుంచి వెళ్లలేదు. బ్యాంకుల దృష్టిలో వెళ్లి బాగుపడేదేమీ లేదు. ఎన్నో ఏళ్లుగా యూరోనే వాడుకుంటున్న మాంటెనీగ్రోకు మాత్రం 2024 నవంబరులో గానీ అనుమతి రాలేదు. అల్బేనియా అప్పుడే, మాల్డోవా, ఉత్తర మాసిడోనియా 2025లో చేరాయి. యూరో వాడే కొసావో ఇప్పటికీ బయటే ఉంది. మరోపక్క హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి ద్వీపం రీయూనియన్ లోపల ఉంది.

లోపలున్నా అన్ని ఐబాన్‌లకూ ఒకే మర్యాద దక్కదు. విదేశీ ఖాతా అని చెప్పగానే తిరస్కరించే యజమానులు, ఫోన్ కంపెనీలు, పన్ను కార్యాలయాలు ఉన్నాయి. చట్టం దీన్ని నిషేధించింది. జర్మనీలో నివాసముంటేనే డైరెక్ట్ డెబిట్‌తో టికెట్ కొననిస్తామన్న జర్మన్ రైల్వే సంస్థ డాయిష్ బాన్ షరతు చెల్లదని, ఒక ఆస్ట్రియా వినియోగదారుల సంఘం వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2019 సెప్టెంబరులో తీర్పిచ్చింది. అయినా ఫారాల్లో రెండక్షరాల దేశం కోడ్‌ను ముందే నింపి పెట్టి మార్చనివ్వని వెబ్‌సైట్లు కనుమరుగు కాలేదు.

భారత్ నుంచి చూస్తే

జర్మనీకో ఐర్లాండ్‌కో చదువుకోసం, ఉద్యోగం కోసం వెళ్లిన తెలుగువారికి ఐబాన్ మొదటి వారంలోనే ఎదురవుతుంది. గది అద్దె, ఆరోగ్య బీమా, ఫోన్ ప్లాన్ అన్నీ దాని మీదే. ఇంటికి డబ్బు పంపేటప్పుడు మాత్రం సెపా ఆగిపోతుంది. భారత్ ఐబాన్‌ను వాడదు, మన దగ్గర ఖాతా సంఖ్యకు తోడు 11 అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడే. అందుకని ఆ డబ్బు అంతర్జాతీయ బ్యాంకు సందేశ వ్యవస్థ స్విఫ్ట్ సందేశాలతో కరెస్పాండెంట్ బ్యాంకుల గుండానో, రెమిటెన్స్ కంపెనీల గుండానో రావాలి.

2016లో మొదలైన యూపీఐకి యూరప్ పడిన తంటాలు లేవు. ఒకే దేశం, ఒకే కేంద్ర బ్యాంకు, బ్యాంకులన్నిటికీ కలిపి ఒక్క జాతీయ చెల్లింపుల సంస్థ. వాడుకదారుకు ఖాతా సంఖ్య కనిపించకుండా ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్‌లతోనే పని జరగడం యూపీఐ బలం. సెపాకు ఆ పై పొర ఉమ్మడిగా లేదు. యూపీఐని టిప్స్‌తో అనుసంధానించే పనిని అమలు దశలోకి తేవడానికి ఐరోపా కేంద్ర బ్యాంకుతో అంగీకారం కుదిరిందని భారతీయ రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో ప్రకటించింది. రెండువైపులా సెకన్లలో పనిచేసే వ్యవస్థలే కాబట్టి వేగం సమస్య కాబోదు. రూపాయి, యూరో మార్పిడి ఎవరు ఏ ధరకు చేయాలి, మనీలాండరింగ్ తనిఖీలు ఎవరివి, తప్పు ఖాతాలో పడితే ఏ దేశపు నిబంధన వర్తిస్తుంది అన్నవి తేల్చుకోవలసినవి. సెపాలో ఎనిమిది వారాలు, 13 నెలలు అంటూ పుస్తకంలో రాసిపెట్టుకున్నట్టే వీటికీ ఒక పుస్తకం కావాలి.